కారవాన్‌తో ఫ్రాన్స్‌కు: ఫెర్రీ చవగ్గా పడాలంటే ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీరు కవెంట్రీలో ఉంటారు, సెకండ్ హ్యాండ్ కారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఒకటి కొన్నారు, ఆగస్టులో పిల్లల్ని తీసుకుని ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి వెళ్దామనుకుంటున్నారు. ఇంగ్లండ్ రేవు డోవర్ నుంచి ఫ్రాన్స్ రేవు కలేకు కార్లనూ ఎక్కించుకుని వెళ్లే ఓడను, అంటే డోవర్–కలే ఫెర్రీని, మించిన చవకది లేదని అందరూ చెబుతున్నారు, అది నిజమేనా అని అడిగారు.

టికెట్ వరకే అయితే చాలాసార్లు నిజమే. ప్రయాణం గంటన్నరే. పీ అండ్ ఓ, డీఎఫ్‌డీఎస్, ఐరిష్ ఫెర్రీస్ మూడూ అక్కడ పోటీ పడుతున్నాయి, రాత్రీ పగలూ ఓడలు తిరుగుతూనే ఉంటాయి. కానీ మీరు దిగాల్సింది కలేలో కాదు కదా, బ్రిటనీలో. కారవాన్ లాక్కుని వెళ్లేవాళ్లు మన ఇంటి గేటు నుంచి క్యాంప్‌సైట్ గేటు దాకా అయ్యే మొత్తం ఖర్చు చూసుకోవాలి. మేం రెడింగ్ నుంచి ఏటా బయల్దేరే ముందు ఈ లెక్క వేసుకునే బుక్ చేస్తాం. ఒక్కోసారి డోవర్ గెలుస్తుంది, బ్రిటనీ వైపు అయితే మాత్రం గెలవడం అరుదు.

మీ లెక్కే వేసి చూద్దాం. ఫ్రాన్స్‌కు ఓడలు వెళ్లే ఇంకో ఇంగ్లండ్ రేవు పోర్ట్స్‌మత్. కవెంట్రీ నుంచి డోవర్ కంటే అది నలభై యాభై మైళ్లు దగ్గర. పైగా డోవర్‌కు వెళ్తే లండన్ చుట్టూ ఎం25 ట్రాఫిక్, డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నది దాటినందుకు చార్జీ. దాన్ని మర్నాడు అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్‌లో కట్టకపోతే జరిమానా వస్తుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు మధ్య దాటితే చార్జీ లేదు. ఇక అవతలి ఒడ్డు సంగతి. కలే నుంచి బ్రిటనీలోని పెద్ద ఊరు రెన్ 500 కిలోమీటర్ల పైమాటే. పోర్ట్స్‌మత్ ఓడ దింపే కాన్ నుంచి (అసలు రేవు ఉండేది కాన్ పక్కనున్న విస్త్రియాం అనే ఊళ్లో) రెన్ 185 కిలోమీటర్లు, ఆ ఏ84 రోడ్డు మీద టోల్ లేదు. కారవాన్ తగిలిస్తే మా కారు లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇస్తే గొప్ప. రానూపోనూ తేడా రెండు దేశాల్లో కలిపి చూస్తే దాదాపు 90 లీటర్ల డీజిల్. కలే నుంచి వచ్చే దారిలో టోల్ గేట్లు అదనం. రెండు మీటర్ల కన్నా ఎత్తున్న కారవాన్ లాగుతుంటే ఫ్రాన్స్‌లో మిమ్మల్ని క్లాస్ 2 కింద లెక్కేస్తారు, మామూలు కారు కంటే ఎక్కువ పడుతుంది. రువాన్ నుంచి కాన్ వైపు వెళ్లే ఏ13 మీద 2024 నుంచి గేట్లు తీసేశారు, కెమెరా నంబరు పట్టుకుంటుంది, 72 గంటల్లోగా మనమే ఆన్‌లైన్‌లో కట్టాలి. గేటు కనిపించలేదు కదా, టోల్ లేదేమో అనుకుని వచ్చేసిన వాళ్లకు తర్వాత ఇంటికి నోటీసు వస్తోంది.

డోవర్ మీదుగా అయితే ఇంత దూరం పిల్లలతో ఒక్క రోజులో లాగలేరు. మధ్యలో ఒక రాత్రి మజిలీ తప్పదు, దాని ఖర్చూ కలపండి. ఇవన్నీ కూడి, రెండు టికెట్ల మధ్య తేడా ఆ మొత్తం కన్నా తక్కువైతే పోర్ట్స్‌మత్ తీసుకోండి. కాన్‌కు పగటి ఓడలో ఆరు గంటలు. రాత్రి ఓడలో క్యాబిన్ తీసుకుంటే దాని రేటు కలిపి, ఒక రాత్రి మజిలీ తీసేసి చూసుకోండి. ప్లిమత్ నుంచి రోస్కోఫ్‌కు వెళ్తే నేరుగా బ్రిటనీలోనే దిగుతారు గానీ, కవెంట్రీ నుంచి ప్లిమత్ దాకా లాగడమే ఒక పెద్ద ప్రయాణం.

మీరు వెళ్లేది బెల్జియం, జర్మనీ, ఆల్సేస్ వైపు అయి ఉంటే నేనే డోవర్–డంకర్క్ తీసుకోమనేవాణ్ణి. రెండు గంటల ఓడ, అవతల బెల్జియంలో కార్లకు, కారవాన్లకు సాధారణంగా టోల్ ఉండదు. ఇంగ్లండ్ ఉత్తరాన ఉండేవాళ్లకు హల్–రాటర్‌డ్యామ్, న్యూకాసిల్–ఆమ్‌స్టర్‌డ్యామ్ రాత్రి ఓడలున్నాయి. సముద్రం కింది సొరంగంలో కార్లను ఎక్కించుకుని వెళ్లే రైలు 35 నిమిషాల్లో దాటించేస్తుంది, సముద్రం పడనివాళ్లకు మంచిదే. కానీ ఎల్‌పీజీతో నడిచే కార్లను అందులోకి ఎక్కనివ్వరు.

రేటును అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది పొడవు. కారు, కారవాన్ కలిపి మొత్తం పొడవును బట్టే చాలా కంపెనీలు టికెట్ కడతాయి. కారవాన్ లోపల గది పొడవు ఒకటి, ముందు తగిలించే ఇనుప చట్రంతో కలిపిన పొడవు మరొకటి. అమ్మిన మనిషి చెప్పిన అంకె నమ్మకుండా, ఖాళీ కార్ పార్కులో కారుకు తగిలించి, కారు ముందు బంపర్ నుంచి కారవాన్ వెనక చివర దాకా టేపు పెట్టి కొలవండి. ఒకరు అటు చివర పట్టుకోవాలి, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఎత్తు కూడా కొలవండి. కారు మీద రూఫ్ బాక్స్ ఉంటే దానితో కలిపి, కారవాన్ మీద ఏసీ గానీ, యాంటెన్నా గానీ ఉంటే దానితో కలిపి. ఒకసారి పోర్ట్స్‌మత్ క్యూలో మా ముందు ఒక కుటుంబం కారవాన్ వెనక నాలుగు సైకిళ్లు స్టాండుకు కట్టుకుని వచ్చింది. చెక్-ఇన్ ఆయన కిందికి దిగివచ్చి కొలిచాడు. బుకింగ్‌లో సైకిళ్ల లెక్క లేదు, ఆ కాస్త పొడవుకూ అక్కడికక్కడే డబ్బు కట్టించుకున్నారు. మేమైతే సైకిళ్లను కారవాన్ లోపల, చక్రాల ఇరుసు మీదికి వచ్చే చోట, పాత దుప్పట్లు పరిచి పడుకోబెడతాం. బరువు పరిమితి దాటకుండా చూసుకుంటే చాలు.

పిల్లల స్కూలు సెలవులే కాబట్టి జులై చివరి వారం, ఆగస్టు తప్పవు. తప్పని చోట కూడా రోజు, వేళ మన చేతిలోనే ఉంటాయి. స్కూలు మూసిన శుక్రవారం రాత్రీ, మర్నాడు శనివారమూ వదిలేయండి, మంగళ, బుధవారాలు చూడండి. అర్ధరాత్రి, తెల్లవారుజాము ఓడలు పగటివాటి కన్నా తక్కువకు దొరుకుతాయి. ఫ్రాన్స్ రోడ్లు కూడా ఆగస్టు మొదటి శనివారం కిటకిటలాడతాయి, వాళ్లకూ అదే సెలవుల మార్పిడి. లెస్టర్‌షైర్ స్కూళ్లకు వేసవి సెలవులు మనకన్నా ముందే మొదలవుతాయి, ఆ రేటు తేడా చూసినప్పుడల్లా మా ఆవిడ అక్కడికి ఇల్లు మారదామంటుంది! వచ్చేటప్పుడు ఆగస్టు చివరి సోమవారం బ్యాంక్ హాలిడే చుట్టూ ఉన్న రోజులు వద్దు. వెళ్లేదీ వచ్చేదీ ఒకే కంపెనీ, ఒకే రేవు కానక్కర్లేదు. రెండు వన్‌వే టికెట్ల మొత్తాన్నీ రిటర్న్ టికెట్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి.

కొనేది ఎక్కడ అంటారా, మూడు చోట్ల చూడండి. కంపెనీ సొంత సైటు, డైరెక్ట్ ఫెర్రీస్ లాంటి పోల్చి చూపే సైటు, ఆ తర్వాత కారవాన్ క్లబ్. కారవాన్ అండ్ మోటార్‌హోమ్ క్లబ్, క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్ రెండూ సభ్యులకు ఫెర్రీ టికెట్లు అమ్ముతాయి. సభ్యత్వం ఉన్నవాళ్లకు కారవాన్ పొడవు మీద తగ్గింపులు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఒక్క ప్రయాణం కోసం చేరితే గిట్టుతుందా అని టికెట్ పక్కన సభ్యత్వ రుసుము రాసుకుని చూడండి. పోల్చే సైట్లలో ఎత్తు, పొడవు వాళ్లే ముందుగా నింపేసి ఉంచుతారు. అది మార్చకుండా వచ్చే రేటు చూసి సంబరపడకండి.

మనవాళ్లకు ముఖ్యమైనది వీసా. మీ ఇంట్లో ఎవరికైనా ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే, ఇక్కడ ఎంతకాలం ఉండే అనుమతి ఉన్నా షెంగెన్ వీసా కావాల్సిందే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ వేసవికి స్లాట్ దొరకడం ఎంత టెన్షనో మీకు చెప్పక్కర్లేదు. అందుకే వీసా చేతికి రాకముందు అతి చవక టికెట్ కొనొద్దు. ఆ టికెట్లకు తేదీ మార్చుకునే వీలు, డబ్బు వెనక్కి వచ్చే వీలు ఉండవు, ఉన్నా కోత భారీగా ఉంటుంది. మధ్య రకం టికెట్ తీసుకుని, మార్పుల నిబంధన చదివి, ఆ కాగితమే వీసాకు చూపించండి. ఇంకో సంగతి: డోవర్‌లో ఫ్రెంచ్ పోలీసుల తనిఖీ ఓడ ఎక్కకముందే ఇంగ్లండ్ ఒడ్డునే జరుగుతుంది, పోర్ట్స్‌మత్ నుంచి వెళ్తే అవతల దిగాక. 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త ఎంట్రీ–ఎగ్జిట్ పద్ధతిలో ఫొటో, వేలిముద్రలు కూడా ఉన్నాయి కాబట్టి డోవర్‌కు కాస్త ముందే చేరండి.

ఓడ ఎక్కేటప్పుడు కారవాన్ ముందున్న చిన్న చక్రం పూర్తిగా పైకి లాగి బిగించండి, ర్యాంపు మలుపులో అదే ముందు నేలకు గీసుకుంటుంది. గ్యాస్ సిలిండర్ వాల్వ్ మూసేయండి. అలారం ఆఫ్ చేయండి, లేకపోతే ఓడ ఊగినప్పుడల్లా మోగుతుంది. ప్రయాణంలో కారవాన్‌లో కూర్చోనివ్వరు, కాబట్టి పిల్లల మందులు, స్వెటర్లు, తినేవి ఒక సంచిలో ముందే వేరుగా పెట్టుకోండి.

తిండి సామాను సర్దేటప్పుడు పాలు, పెరుగు, పనీర్, నెయ్యి, మాంసం ఇక్కడే వదిలేయండి. బ్రెగ్జిట్ తర్వాత ఇక్కడి నుంచి యూరప్‌లోకి అవేవీ తీసుకెళ్లనివ్వరు. బియ్యం, పప్పు, ఆవకాయ నిక్షేపంగా పట్టుకెళ్లొచ్చు. నెయ్యి కావాలంటే అక్కడ వెన్న కొని కాచుకోండి. కాకపోతే బ్రిటనీ వాళ్లు ఎక్కువగా తినేది ఉప్పు వెన్న, ప్యాకెట్ మీద 'doux' (దూ, అంటే ఉప్పు లేనిది) అని ఉన్నది చూసి తీసుకోండి.