పాత కార్ల ప్రదర్శనకు వెళ్లే ముందు

చి. హారికకు, పెద్దనాన్న ఆశీస్సులు.

పాత కార్ల ప్రదర్శనలో ఏ కంపెనీ బండి గొప్పదో ఎలా తేల్చుకోవాలని అడిగావు. నలభై ఏళ్లు హైదరాబాద్ గ్యారేజీల్లో గడిపిన మనిషిగా చెప్తున్నాను, పెయింటు మెరుపు చూసి తేల్చకు. అది ఇప్పటి ఓనరు పెట్టిన ఖర్చు. ఒకే ప్రశ్న పట్టుకుని ప్రతి బండి దగ్గరా అదే అడుగు: దీన్ని ఎవరికోసం కట్టారు?

స్టార్ట్ చేయడం ఎలా అన్నదానితో మొదలుపెట్టు. అప్పట్లో బండి ముందువైపు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాలి. కుర్రతనంలో నేను బొటనవేలు చుట్టూ వేసి పట్టుకుంటే హ్యాండిల్ ఎదురు తన్ని మణికట్టు నెల రోజులు వాచింది. ఐదు వేళ్లూ ఒకవైపే ఉండాలని అప్పుడు తెలిసింది. అందుకే 1912 మోడల్‌తో కరెంటు సెల్ఫ్ ఇచ్చిన క్యాడిలాక్ అంటే నాకు గౌరవం.

ఫోర్డ్ మోడల్ టి కనిపిస్తే మాత్రం తొందరపడకు. 1908లో వచ్చిన బండి అది. కింద మూడు పెడళ్లుంటాయి, ఒక్కటీ యాక్సిలరేటర్ కాదు. ఎడమది నొక్కితే లో గేరు, వదిలితే టాప్ గేరు. మధ్యది రివర్స్, కుడిది బ్రేకు. ఆ బ్రేకు కూడా చక్రాలను కాదు, గేర్‌బాక్సును పట్టి ఆపుతుంది! యాక్సిలరేటర్ స్టీరింగ్ కింద చిన్న చేతిమీట. గేర్లు మార్చడం రానివాళ్లు కూడా నడపగలగాలని అలా చేశారు. ఓనరును అడిగి కూర్చుని చూడు, కాళ్లకే అర్థమవుతుంది.

అంబాసిడర్, పద్మిని పక్కపక్కన ఉంటే వంగి ముందు చక్రాల వెనక చూడు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన అంబాసిడర్‌కు టార్షన్ బార్, అంటే మెలితిరిగి కుదుపును మింగే ఉక్కు కడ్డీ; ఫియట్ 1100 నుంచి వచ్చిన పద్మినికి కాయిల్ స్ప్రింగు, అంటే చుట్టలు తిరిగిన స్ప్రింగు. గుంతల రోడ్డు మీద నా ఓటు అంబాసిడర్‌కే.

ఇత్తడి లైట్లు ముట్టుకోకు, వేలిముద్రలు పడతాయి. బానెట్ ఎత్తమని మాత్రం మొహమాటపడకుండా అడుగు. ప్రేమగా బండి పెంచుకున్నవాళ్లు సంతోషంగా ఎత్తుతారు.

తర్వాత హైదరాబాద్‌లోని నిజాముల చౌమహల్లా ప్యాలెస్‌కు తీసుకెళ్తాను. అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది. ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే పోయారు. దాని ఇంజను ఆరు సిలిండర్లు, ఏడు లీటర్ల పైన. మోడల్ టిది నాలుగు సిలిండర్లు, మూడు లీటర్ల లోపు. రెండూ చూశాక ఎవరు ఎవరికోసం బండి కట్టారో నువ్వే నాకు చెప్పు.

మీ పెద్దనాన్న