కొత్త హాట్ హ్యాచ్ కొన్నాక ముందు ఏం మార్చాలి? నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: చాలా ఏళ్లు నడిపిన పాత హాట్ హ్యాచ్‌ని (బలమైన ఇంజిన్ ఉన్న చురుకైన హ్యాచ్‌బ్యాక్ కారుని) ఇచ్చేసి కొత్తది తీసుకున్నారు. పాతదానికి చేయించినట్టే దీనికీ రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం), ఎగ్జాస్ట్, లోయరింగ్ స్ప్రింగ్స్ (కారు ఎత్తు తగ్గించే స్ప్రింగ్స్) చేయించాలనుకుంటున్నారు. ఏది ముందు చేయించాలి?

నేనూ ఇదే దారిలో వచ్చాను. పాత కారు పదకొండేళ్లు నా దగ్గరే ఉంది. రెండు లీటర్ల టర్బో, 200 హెచ్‌పీ, మాన్యువల్ గేర్‌బాక్స్, హైడ్రాలిక్ స్టీరింగ్. కొత్తది కూడా రెండు లీటర్ల టర్బోనే, 245 హెచ్‌పీ, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, పవర్ ముందు చక్రాలకే. తీసుకుని ఏడాదిన్నర అయింది, 24 వేల కిలోమీటర్లు తిరిగాను. మీకు నేను చెప్పేది ఒకటే: ఇంజిన్‌ని ఆఖరికి ఉంచండి. టైర్లు, అలైన్‌మెంట్, బ్రేకులు ముందు చూసుకోండి. పాత కారుతో నేను సరిగ్గా దీనికి తిరగేసి చేశాను, దానికి చాలా ఖర్చు పెట్టాను.

ముందు ఒక మాట. కొత్త కారు తెచ్చుకున్న మొదటి నెల నాకు లోపల కొంచెం వెలితిగా అనిపించింది. వేగానికి లోటు లేదు, పాతదానికంటే చాలా చురుకు. కానీ పాత కారులో ముందు టైరు పట్టు సడలబోతుంటే స్టీరింగ్ కాస్త తేలికయ్యేది, ఆ సంగతి అరచేతికి ముందే తెలిసిపోయేది. కొత్తదానిలో స్టీరింగ్ బరువు దాదాపు ఒకేలా ఉంటుంది. టైరు కీచుమన్నాకే విషయం తెలుస్తుంది. ఇది కారులో లోపం కాదు. ఇప్పటి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌లో మోటారు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ కలిసి రోడ్డు అదురుని చాలావరకు వడగట్టేస్తాయి. బరువు కూడా పెరిగింది. 1976లో వచ్చిన మొదటి గోల్ఫ్ జీటీఐ 1.6 లీటర్ ఇంజిన్‌తో 110 హెచ్‌పీ ఇచ్చేది, బరువు 800 కిలోలకు కాస్త పైన. నా కొత్త కారు 1430 కిలోలు. పవర్ ఆ పెరిగిన బరువుని ఎప్పుడో దాటిపోయింది, కానీ చేతికి అందే సమాచారం తగ్గింది.

అందుకే నాకు ఈ కారులో తక్కువైంది పవర్ కాదని అర్థమయ్యాక మార్పుల వరుసే మారిపోయింది. మీరు కూడా రెండు మూడు నెలలు, కనీసం రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజిన్ సర్దుకునే మొదటి దశ) పూర్తయ్యేదాకా, ఏమీ ముట్టుకోకుండా నడపండి. ఈలోగా డబ్బు పెట్టకుండా చేయగలిగింది ఒకటుంది: డ్రైవ్ మోడ్. అన్నీ కలిపి స్పోర్ట్‌లో పెట్టడం నాకు నచ్చలేదు. స్పోర్ట్‌లో స్టీరింగ్ ఊరికే బరువెక్కుతుంది, సమాచారం ఏమీ పెరగదు. స్టీరింగ్ కంఫర్ట్‌లో, ఇంజిన్ స్పోర్ట్‌లో, డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) మధ్యలో ఉంచి ఇండివిడ్యువల్ మోడ్‌లో సేవ్ చేసుకున్నాను. గతుకుల రోడ్డు మీద కారు ఎగరకుండా నేలని పట్టుకుని వెళ్లడం అప్పుడే మొదటిసారి గమనించాను.

ఇక టైర్లు, చక్రాలు. నా కారు 19 అంగుళాల చక్రాలతో వచ్చింది, నేను 18కి దిగాను. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు కాబట్టి కారణం వివరంగా చెబుతాను. 225/40 ఆర్18 టైరు మొత్తం వ్యాసం 637 మిల్లీమీటర్లు. 225/35 ఆర్19 అయితే 640. అంటే బయటి కొలత దాదాపు ఒకటే, స్పీడోమీటర్‌కి తేడా రాదు. 19కి వెళ్తే తగ్గేది సైడ్‌వాల్, అంటే గుంతలో పడినప్పుడు రిమ్‌ని కాపాడే రబ్బరు. ఆ 19 టైరుకి మామూలుగా ఉండే లోడ్ ఇండెక్స్ 88, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదు. 18 టైరుకి 92, అంటే 630 కిలోలు. సైజు మార్చేటప్పుడు చాలామంది ఈ అంకె చూడరు. కారు కంపెనీ చెప్పిన లోడ్ ఇండెక్స్‌కి తక్కువది ఎప్పుడూ వేయకండి. నేను కొన్న 18 అంగుళాల తేలిక చక్రాలు ఒక్కోటీ పాతవాటికంటే మూడు కిలోలకు పైగా తక్కువ తూగాయి. చక్రం బరువుని స్ప్రింగ్ మోయదు, అది నేరుగా రోడ్డుతో పాటు ఎగిరిపడుతుంది. అందుకే అక్కడ తగ్గిన మూడు కిలోలు సీటులో తగ్గిన మూడు కిలోల్లాంటివి కావు. కొనేముందు బ్రేక్ కాలిపర్ (డిస్కుని నొక్కిపట్టే భాగం) చక్రం లోపల పడుతుందా లేదా అని కొలిచి చూసుకోవాలి.

చక్రాలు ఫెండర్ అంచుదాకా రావాలని స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే పలకలు) వేయించే అలవాటు మీకుంటే, ముందు చక్రాలకు వద్దు. స్టీరింగ్ తిరిగే ఇరుసు గీతకీ చక్రం మధ్య భాగానికీ దూరం పెరిగితే టార్క్ స్టీర్ పెరుగుతుంది, అంటే గ్యాస్ (యాక్సిలరేటర్) నొక్కగానే స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. 2009 ఫోకస్ ఆర్ఎస్‌లో 305 హెచ్‌పీని ముందు చక్రాలకే ఇవ్వడానికి ఫోర్డ్ రెవోనకిల్ అనే ప్రత్యేకమైన ముందు సస్పెన్షన్ పెట్టింది. సివిక్ టైప్ ఆర్‌లో హోండా చేసింది కూడా అలాంటిదే. ఆ ఇరుసుని చక్రం మధ్యకి దగ్గర చేయడానికి ఇంజినీర్లు అంత కష్టపడితే, మనం స్పేసర్ వేసి మళ్లీ దూరం చేయడం నాకు బాధగా ఉంటుంది.

అలైన్‌మెంట్ ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ముందు చక్రాలకు నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగడం) ఒకటిన్నర డిగ్రీల దాకా తెప్పించి, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా పెట్టించాను. మలుపులో ముందు భాగం లోపలికి తిరగడం వెంటనే మారింది. నేను వెతుకుతున్న ఆ స్పర్శ కొంతవరకు ఇక్కడే తిరిగొచ్చింది. పాత కారుకీ కొత్త కారుకీ అసలు తేడా కూడా ఇక్కడే తగులుతుంది. కొత్త కారులో అద్దం వెనుక కెమెరా, బంపర్‌లో రాడార్ ఉంటాయి. అలైన్‌మెంట్ మార్చినా, కారు ఎత్తు తగ్గించినా వాటి చూపు మారొచ్చు. స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ రీసెట్ చేయించాలి, కెమెరా, రాడార్ మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాల్సి రావచ్చు. నాకు ఇది తెలియక మొదటిసారి మామూలు అలైన్‌మెంట్ షాపులో చేయించాను. మర్నాడు లేన్ అసిస్ట్ (కారుని రోడ్డు గీతల మధ్య ఉంచే సిస్టమ్) ఖాళీ రోడ్డు మీద కారుని ఎడమకి నెట్టడం మొదలుపెట్టింది. భయమేసింది. క్యాలిబ్రేషన్ పరికరాలున్న చోటికి తీసుకెళ్తే గంటన్నరలో సరిచేశారు.

బ్రేకుల గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే పాత కారు నన్ను భయపెట్టింది వీటితోనే. దానికి స్టేజ్ 1 రీమ్యాప్ (పార్టులు మార్చకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చేది) చేయించి 240 హెచ్‌పీకి తెచ్చాను, బ్రేకులు మాత్రం ముట్టుకోలేదు. ఒకరోజు పెద్ద కొండ దిగుతుంటే పెడల్ మెల్లగా మెత్తబడింది, ఆ తర్వాతి మలుపులో నేలదాకా వెళ్లిపోయింది. పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, గేర్లు దించి ఎలాగో ఆపాను. పక్క సీటులో మా తమ్ముడు ఉన్నాడు. ఇద్దరం పావుగంట మాట్లాడకుండా రోడ్డు పక్కన కూర్చున్నాం. ప్యాడ్లు బాగానే ఉన్నాయి, మూడేళ్లుగా మార్చని బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని బ్రేకులకు చేరవేసే ద్రవం) మరిగిపోయింది. ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1కి అవే అంకెలు 260, 180. ఆ ఒక్క సంఘటనతో నా వరుసలో బ్రేకులు ముందుకొచ్చాయి.

కొత్త కార్లలో ఇంకో సంగతి ఉంది. మలుపులో కారుని లోపలికి తిప్పడానికి చాలా హాట్ హ్యాచ్‌లు లోపలి వైపు ముందు చక్రానికి తమంతట తామే బ్రేక్ వేస్తాయి. మీరు పెడల్ తొక్కకపోయినా బ్రేకులు పనిచేస్తూ వేడెక్కుతుంటాయి. అందుకని నేను మంచి ప్యాడ్లు, మంచి ఫ్లూయిడ్ వేయించి, ఏటా ఫ్లూయిడ్ మార్పిస్తున్నాను. డిస్కులు, కాలిపర్లు కంపెనీవే. పెద్ద బ్రేక్ కిట్ రోడ్డు మీద నడిపేవాళ్లకి అవసరం లేదని నా నమ్మకం. రేసింగ్ ప్యాడ్లు కూడా వద్దు, చల్లగా ఉన్నప్పుడు అవి సరిగ్గా పట్టవు.

లోయరింగ్ స్ప్రింగ్స్ పాతదానికి వేయించాను, కొత్తదానికి వేయించలేదు. పాతదాన్ని 40 మిల్లీమీటర్లు దించితే కంపెనీ డ్యాంపర్ సగం కదలికలోనే బంప్ స్టాప్‌కి (కదలిక చివర ఉండే రబ్బరు అడ్డుకి) తగిలేది. చూడ్డానికి బాగుండేది, గతుకుల మలుపులో మాత్రం కారు పక్కకి గెంతేది. కొత్తదానిలో అడాప్టివ్ డ్యాంపర్లు కంపెనీ ఇచ్చిన ఎత్తుకి, స్ప్రింగ్‌కి కలిపి ట్యూన్ చేసి ఉన్నాయి. తప్పదంటే 15, 20 మిల్లీమీటర్లకు మించి దించకండి. దానికి బదులు నేను వెనక కాస్త మందమైన యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) వేయించాను, అండర్‌స్టీర్ (మలుపులో ముందు భాగం బయటికి జారడం) తగ్గింది. తడి రోడ్డు మీద మలుపు మధ్యలో ఉన్నట్టుండి గ్యాస్ వదిలితే వెనక భాగం మునుపటికంటే తొందరగా కదులుతుంది. దానికి అలవాటు పడటానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

ఎగ్జాస్ట్ విషయం త్వరగా ముగిస్తాను. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్ల పొగలో కణాల సంఖ్యకు యూరప్ హద్దు పదో వంతుకు తగ్గింది, 2018 సెప్టెంబర్ నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ అది వర్తించింది. దాంతో చాలా కార్లకు పార్టికల్ ఫిల్టర్ వచ్చింది, శబ్దం అణిగింది, ఆ లోటుని స్పీకర్లతో పూడ్చారు. నేను ఆ కృత్రిమ శబ్దాన్ని సెట్టింగ్స్‌లో తగ్గించేశాను, ఎగ్జాస్ట్ అలాగే ఉంచాను. క్యాట్ (పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్), ఫిల్టర్ తీసేసే డౌన్‌పైప్ (టర్బో తర్వాతి పైపు) చాలా చోట్ల రోడ్డు మీద చట్టవిరుద్ధం, వాసన కూడా క్యాబిన్‌లోకి వస్తుంది. కావాలంటే ఫిల్టర్ తర్వాతి భాగం మాత్రమే మార్చుకోండి.

ఇక రీమ్యాప్. అది పని చేయదని నేను అనడం లేదు. ఈ తరం రెండు లీటర్ల టర్బోలు స్టేజ్ 1తో 300 హెచ్‌పీ దగ్గరికి వెళ్తాయి. కానీ పెరిగేదాంట్లో ఎక్కువ భాగం టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), అది కూడా తక్కువ ఆర్‌పీఎంలో. రెండో గేర్‌లో ముందు చక్రాలు ఇప్పటికే తిరిగిపోతుంటే ఆ అదనపు టార్క్‌ని ట్రాక్షన్ కంట్రోల్ తినేస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఉన్నప్పుడు డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో ఇంధనం స్పార్క్ కంటే ముందే అంటుకునే సమస్య ఉంది, తీవ్రమైతే పిస్టన్ పగులుతుంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ఆయిల్ ప్రమాణంలో దీనికి పరీక్ష ఉంది. కాబట్టి రీమ్యాప్ చేయించినా చేయించకపోయినా మీ కారు కంపెనీ ఆమోదంతో పాటు ఆ ప్రమాణమున్న ఆయిల్ చూసి పోయించండి. చేయిస్తే మీకు నిజంగా దొరికే పెట్రోల్ ఆక్టేన్‌కి తగిన ఫైలే కావాలని గట్టిగా అడగండి. 98 ఆక్టేన్ ఫైలుతో 95 పోయడం మీ ఇంజిన్‌కి మంచిది కాదు. డ్యూయల్ క్లచ్ అయితే గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ కూడా మార్చాల్సి రావచ్చు, ఎందుకంటే దానికి సొంత టార్క్ హద్దు ఉంటుంది.

వారంటీ గురించి చాలామంది "సర్వీస్‌కి ముందు మళ్లీ స్టాక్ ఫైల్ (కంపెనీ సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తే తెలియదు" అంటారు. నమ్మకండి. ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మార్చి ఎక్కించారో చాలా కార్లలో లెక్క ఉంటుంది. విడిగా తగిలించే ట్యూనింగ్ బాక్స్ తీసేసినా, మామూలుగా రాని బూస్ట్ అంకెలు లాగ్‌లో మిగిలిపోవచ్చు. పైగా సర్వీస్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మీరు డబ్బిచ్చి చేయించిన ట్యూన్ చెరిగిపోతుంది. నేను వారంటీ అయ్యేదాకా ఆగుతున్నాను. అప్పటికి కూడా కావాలనిపిస్తే చేయిస్తాను, ఇప్పటికైతే అనిపించడం లేదు.

ఏ మార్పు చేసినా, చక్రాలైనా సరే, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. తీసేసిన కంపెనీ పార్టులు పారేయకండి. పాత కారు అమ్మేటప్పుడు కొన్నాయన ముందు అడిగింది అసలు స్ప్రింగ్స్ ఉన్నాయా అనే. ఉన్నాయి, ధర దగ్గర మా బేరం కుదిరేలా చేసింది అదే. ఇప్పుడు ఆ 19 అంగుళాల చక్రాలు, పాత యాంటీ రోల్ బార్ తుడిచి, కట్టి, ఒక్కో బోల్టునీ సంచిలో వేసి పేరు రాసి దాచాను.