మీ తాతగారి యుద్ధాన్ని సినిమా చెయ్యకు

అమ్మాయీ,

నీ కథ చదివాను. దాంతోపాటు మీ తాతగారి మాటలు ఫోన్‌లో రికార్డు చేసి, ఉన్నవి ఉన్నట్టు రాసుకున్న కాగితాలు కూడా పంపావు కదా, అవీ చదివాను. ఉన్నమాట చెప్తాను, బాధపడకు. కథ కంటే ఆ కాగితాలే బాగున్నాయి.

కథలో మీ తాతగారు మొదటి పేజీలోనే గ్రెనేడ్ విసిరి శత్రువు బంకర్ పేల్చేస్తారు. కాగితాల్లో ఆయన చెప్పింది వేరు. మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో ఉన్న మనిషి, 1971 పాకిస్తాన్ యుద్ధంలో, డిసెంబరు చలిలో, పడమటి సరిహద్దులో బసంతర్ నది దగ్గర, రాత్రంతా మందుపాతరల మధ్య టాంకులకు దారి చెయ్యడం. "మా పని ఇంకా సగంలోనే ఉంది, టాంకులు మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయాయి, ఒక్కోటి పోతుంటే ఇప్పుడు పేలుతుంది ఇప్పుడు పేలుతుంది అని చూస్తూ నిలబడ్డాం" అన్నారు చూడు, ఆ ఒక్క మాటలో ఉన్న టెన్షన్ నీ గ్రెనేడ్ సీనులో లేదు. పైగా అది చరిత్రకు సరిపోయే మాట. డిసెంబరు 15 రాత్రి నది దాటిన మనవాళ్ల మీదికి పాకిస్తాన్ టాంకులు వస్తున్నాయని తెలిసి, సాపర్ల పని పూర్తికాకముందే 17 పూనా హార్స్ టాంకులు మందుపాతరల్లోంచే ముందుకు వెళ్లాయి. మర్నాడు అక్కడే ఇరవై ఒక్కేళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ చనిపోయాడు, పరమవీరచక్ర వచ్చింది. ఆయన గురించి అందరికీ తెలుసు. ఆయనతోపాటు ముందుకు సాగిన టాంకులకు దారి తవ్వుతున్న తెలుగు కుర్రాడి గురించి ఎవరికి తెలుసు? నువ్వు చెప్తే తెలుస్తుంది. ఆ కుర్రాడి చేతిలో గ్రెనేడ్ పెడితే మాత్రం ఎప్పటికీ తెలియదు.

నువ్వు ఎందుకు అలా రాశావో నాకు అర్థమవుతూనే ఉంది. మనం యుద్ధాన్ని తెర మీద చూసి పెరిగాం, తాతయ్య యుద్ధం అనగానే ఆ బొమ్మే ముందుకొస్తుంది. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ సినిమాలు మీ తాతగారు కూడా చూశారు. యాభై ఏళ్లుగా అదే కథను పెళ్లిళ్లలోనూ పండగల్లోనూ చెప్తూ, పిల్లలు ఎక్కడ నోరు తెరుచుకుని విన్నారో అక్కడ కాస్త పెంచుతూ, ఎక్కడ లేచి ఆడుకోవడానికి వెళ్లిపోయారో అక్కడ తగ్గిస్తూ వచ్చి ఉంటారు. ఇది అబద్ధం కాదు, ఎవరైనా అంతే చేస్తారు. కాబట్టి నీకు దొరికేది ఇంటిల్లిపాదీ కలిసి ఇన్నేళ్లుగా తయారుచేసుకున్న కథ. దాని వెనకాల ఉన్నది వినాలంటే పదోసారి కూడా ఓపిగ్గా కూర్చోవాలి, ఆయన ఎప్పుడూ వదిలేసే చోట "తర్వాత?" అని అడగాలి.

అలా అని అనుమానంతో మొదలుపెట్టకు. ముందు నమ్ము. 1962 నవంబరు 18న లడఖ్‌లో రెజాంగ్ లా దగ్గర 13 కుమావ్ బెటాలియన్ చార్లీ కంపెనీ, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో, చైనా సైన్యంతో దాదాపు ఆఖరి మనిషి దాకా పోరాడింది. నూట ఇరవై మంది దాకా ఉంటే నూట పదిమందికి పైగా చనిపోయారు. బతికి బయటపడ్డ కొద్దిమంది జరిగింది చెప్తే మొదట్లో ఎవరూ నమ్మలేదు. 1963 మొదట్లో ఆ కొండ మీదికి వెళ్లినవాళ్లకు, ఆయుధాలు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే గడ్డకట్టి కనిపించాక గానీ వాళ్ల మాటకు విలువ రాలేదు. స్నేహితులందరినీ అక్కడ వదిలి వచ్చి, పైగా అబద్ధాలాడుతున్నావని అనిపించుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించు. నీ ముందు కూర్చున్న పెద్దాయనకు నీ వల్ల ఆ పరిస్థితి రాకూడదు.

నమ్మాక సరిచూడు. ఆయన్ని నిలదీసి కాదు, కాగితాలతో. ట్రంకు పెట్టెలో డిశ్చార్జి బుక్ ఉంటుంది, ఎప్పుడు చేరారు, ఏ యూనిట్, ఎప్పుడు రిటైరయ్యారు అన్నీ అందులో ఉంటాయి. మెడల్స్ చూడు. 1971లో తూర్పు వైపు పనిచేసినవాళ్లకు పూర్వీ స్టార్, పడమటి వైపు వాళ్లకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. బసంతర్‌లో ఉన్న మనిషి కథలో ఢాకా లొంగుబాటు కళ్లారా చూసినట్టు వస్తే (నీ కాగితాల్లో ఒకచోట అలాగే ఉంది), అది ఆయన రేడియోలో విన్నదో తోటివాళ్లు చెప్పిందో అయ్యుంటుంది. అప్పుడు ఆ వాక్యం కొట్టెయ్యకు. ఎలా విన్నారో, పక్కన ఎవరున్నారో అడుగు. లొంగుబాటు జరిగింది డిసెంబరు 16న, పడమట కాల్పులు ఆగింది మర్నాడు రాత్రికి. అక్కడ గెలిచామని తెలిసీ ఇక్కడ ఇంకో రోజు బతకాల్సిన వాడి మనసు ఎలా ఉంటుంది? నీకు దొరికిన అసలు కథ ఇదేనేమో.

కొన్నిసార్లు ఎంత సరిచూసినా తేలదు. అదే డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్ల అని మన నేవీ చెప్తుంది, కాదు ప్రమాదవశాత్తూ పేలిందని పాకిస్తాన్ చెప్తుంది. ఆ రాత్రి పేలుడు శబ్దానికి లేచి కూర్చున్న విశాఖ మనిషికి ఈ తగువుతో పనిలేదు, ఆయన విన్నది ఆయన విన్నాడు. నువ్వు రాయాల్సింది అది. రెండు వాదనలు ఉన్నాయని ఒక్క వాక్యం చాలు.

మౌనం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సైనికులకు చెప్పకుండా చెప్పడం అలవాటు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో ఉన్న మన సిపాయిల ఉత్తరాలను సెన్సార్ వాళ్లు చదివేవారు, వాటిలోంచి తీసి రాసుకున్న భాగాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఇప్పటికీ ఉన్నాయి. నల్ల మిరియాలు అయిపోయాయి, ఇక ఎర్ర మిరప వాడతారు అన్నట్టు రాసేవారు. నల్ల మిరియాలంటే మన సిపాయిలు, ఎర్ర మిరప అంటే తెల్లవాళ్లు. మావాళ్లు చచ్చిపోతున్నారు, ఇక్కడికి ఎవరినీ పంపకండి అని ఇంటికి చేరవెయ్యడానికి అంత తిప్పలు. మీ తాతగారు నది దాటిన రాత్రి గురించి చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి టీ గురించి మాట్లాడారే, నువ్వు దాన్ని 'టాపిక్ మారింది' అని బ్రాకెట్లో పెట్టావు. మారలేదమ్మా. ఆ టీ ఎవరితో కలిసి తాగారో అడుగు. అడిగి ఊరుకో. ఆయన చెప్పకపోతే ఆ రోజుకి వదిలెయ్.

ఎంతమందిని చంపారు అని మాత్రం ఎప్పుడూ అడగకు. బూట్లు తడిస్తే ఏం చేసేవారు, బెంగళూరు ట్రైనింగ్‌లో తమిళం, హిందీ ఎలా నేర్చుకున్నారు, జేబులో ఏం పెట్టుకునేవారు, అవి అడుగు. పెద్ద ప్రశ్నకు ఆయన దగ్గర ఎప్పుడో తయారైన జవాబు ఉంటుంది, చిన్న ప్రశ్నకు మాత్రం మళ్లీ గుర్తుచేసుకోవాల్సి వస్తుంది.

ఇంకొకటి, దీని మీద నాకు నిజంగా కోపం వచ్చింది. "వాళ్లూ బాగా పోరాడారమ్మా" అని శత్రువు గురించి ఆయన అన్న మాట కథలో తీసేశావు. ఎవరైనా ఏమైనా అంటారని భయపడ్డావా? అదే బసంతర్ యుద్ధంలో, డిసెంబరు 17న ఎదురుదాడికి ముందుండి వచ్చి చనిపోయిన పాకిస్తాన్ అధికారి లెఫ్టినెంట్ కల్నల్ అక్రమ్ రాజా ధైర్యాన్ని మెచ్చుకుంటూ మన 3 గ్రెనేడియర్స్ కమాండర్ వేద్ ఏరీ రాసిచ్చాడు. అక్రమ్ రాజాకు వాళ్ల దేశం హిలాల్-ఎ-జురత్ అనే శౌర్య పతకం ఇచ్చింది. ఎదురుగా నిలబడి పోరాడినవాళ్లకు అలా మెచ్చుకునే హక్కు ఉంది, దాన్ని తీసెయ్యడానికి మనమెవరం? ఆ వాక్యం తిరిగి పెట్టు.

మీ నానమ్మ కథలో ఎక్కడా లేదు. 56 ఏపీవో అనే సైన్యం తపాలా అడ్రసుతో ఉత్తరం రాసి, జవాబు వచ్చేదాకా, పోస్ట్‌మాన్ టెలిగ్రాం పట్టుకుని వస్తాడేమోనని వీధి వైపు చూస్తూ ఆమె గడిపిన డిసెంబరు కూడా యుద్ధమే. ఆమెను వేరుగా కూర్చోబెట్టి అడుగు, తాతగారు పక్కనుంటే ఆయనే చెప్పేస్తారు.

మళ్లీ రాశాక నాకు పంపేముందు తాతగారికి చదివి వినిపించు. చనిపోయిన స్నేహితుడి పేరు వద్దంటే తీసెయ్, వాళ్ల ఇంట్లోవాళ్లు ఇంకా ఉన్నారేమో. తారీఖు తప్పంటే ఎవరిది తప్పో ఇద్దరూ కలిసి డిశ్చార్జి బుక్‌లో చూడండి. గ్రెనేడ్ సీను లేదేంటని ఆయనే అడిగితే, ఎందుకు తీసేశావో నీ మాటల్లో చెప్పు, ఆయన ఏమన్నారో నాకు రాయి.