కార్డు మీది స్టాంపు ఊడదీయకండి

మీరు అడిగినవి మూడు సంగతులు. వేరే దేశాల నుంచి పోస్ట్‌కార్డులు రావాలంటే ఎలా మొదలుపెట్టాలి, వచ్చిన కార్డు మీది స్టాంపు ఊడదీసి విడిగా ఆల్బమ్‌లో పెట్టుకోవాలా, ఏళ్ళ తరబడి పాడవకుండా ఎలా దాచుకోవాలి. రెండోదానికి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఆ విషయంలో నేను చేసిన పొరపాటు ఇంకెవరూ చేయకూడదని నా కోరిక. ఊడదీయకండి.

నేను పదకొండేళ్ళుగా సేకరిస్తున్నాను. మొదట్లో నాకు స్టాంపుల మీదే ధ్యాస, కార్డంటే స్టాంపును మోసుకొచ్చే అట్టముక్క అనుకునేదాన్ని. ఫిన్లాండ్ నుంచి ఒక పెద్దావిడ కార్డు పంపారు. నీలి సిరాతో, చోటు చాలక అంచుల వెంబడి కూడా తిప్పి తిప్పి రాశారు. ఇంటి ముందు సరస్సు గడ్డకట్టిందని, చిన్నప్పుడు దాని మీదుగా నడిచి బడికి వెళ్ళేదాన్నని ఉంది, ఆ తర్వాత వాళ్ళ నాన్నగారి గురించి ఏదో ఉంది. నేను స్టాంపు కోసమని ఆ కార్డును గోరువెచ్చని నీళ్ళలో వేశాను. పావుగంటలో స్టాంపు చక్కగా ఊడి వచ్చింది. సిరా కూడా నీళ్ళలో కలిసిపోయింది. ఆ స్టాంపు ఇప్పటికీ నా దగ్గరుంది, అలాంటిది కావాలంటే ఎక్కడైనా కొనుక్కోవచ్చు కూడా, కానీ వాళ్ళ నాన్నగారి గురించి ఆవిడ ఏం రాశారో మాత్రం నాకు ఎంత తలచుకున్నా గుర్తురాదు.

రాత సంగతి అలా ఉంచినా, స్టాంపు తీయకపోవడానికి ఇంకో గట్టి కారణముంది. తపాలా ముద్ర సగం స్టాంపు మీద, సగం కార్డు మీద పడుతుంది. ఏ ఊళ్ళో, ఏ రోజున ఆ కార్డు బయల్దేరిందో చెప్పేది అదే. రెండింటినీ విడదీస్తే ఇటు ముక్కలో ఊరి పేరు సగం, అటు ముక్కలో తేదీ సగం మిగులుతాయి. చాలాకాలంగా సేకరించేవాళ్ళు పాత కవర్లను, కార్డులను మొత్తంగా అలాగే ఉంచేది ఇందుకే. మాక్సిమమ్ కార్డ్ అని ఒక రకం కూడా ఉంది, కార్డు మీది బొమ్మ, స్టాంపు మీది బొమ్మ, ముద్ర మూడూ ఒకే విషయం గురించి ఉండేలా చూసుకుని స్టాంపును బొమ్మ వైపే అంటిస్తారు. దాని నుంచి స్టాంపు తీస్తే ఇక మిగిలేది ఏమీ లేదు.

మామూలు కవర్ల మీద వచ్చిన స్టాంపులైతే తీసుకోండి, తప్పులేదు. స్టాంపు చుట్టూ కొంచెం కాగితం వదిలి కత్తిరించి, గోరువెచ్చని నీళ్ళలో వేసి, దానంతటదే జారిపోయేదాకా ఆగండి. లాగితే వెనక పలచబడుతుంది, మధ్యలో చిరుగుతుంది. తర్వాత అద్దుడు కాగితం మీద బొమ్మ కిందికి ఉండేలా ఆరబెట్టి, పూర్తిగా ఆరాక బరువైన పుస్తకం కింద పెడితే సాపుగా అవుతుంది. ఎరుపు, ఇంకా ముదురు రంగు కవర్ల ముక్కలను మిగతావాటితో కలపొద్దు, రంగు దిగి అన్నిటికీ అంటుతుంది. ఈమధ్య చాలా దేశాల స్టాంపులు స్టిక్కర్లలాగా వస్తున్నాయి కదా, వాటిలో కొన్ని ఎంతసేపు నానినా ఊడవు, ముఖ్యంగా అమెరికావి. అలాంటివాటిని కాగితంతో సహా కత్తిరించి ఉంచుకోవడమే మంచిది. వేళ్ళతో కాకుండా పట్టకారుతో పట్టుకోండి, చేతి జిడ్డు అప్పటికప్పుడు కనిపించదు, కొన్నేళ్ళకు మచ్చగా తేలుతుంది.

ఇక మొదలుపెట్టడం. విదేశాల్లో మీకు తెలిసినవాళ్ళు లేకపోయినా ఏం పర్వాలేదు, నాకూ ఎవరూ లేరు. పోస్ట్‌క్రాసింగ్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, పోర్చుగల్‌లో ఒక విద్యార్థి 2005 జూలై 14న మొదలుపెట్టినది. అందులో చేరితే ప్రపంచంలో ఎక్కడో ఉన్న ఒకరి చిరునామా, దాంతోపాటు ఒక కార్డు నంబరు ఇస్తారు. మీ దేశాన్ని సూచించే రెండు ఆంగ్ల అక్షరాలు, పక్కన అంకెలు, అంతే ఆ నంబరు. మీరు కార్డు మీద ఆ నంబరు వేసి పంపాలి. అందుకున్నవాళ్ళు సైట్‌లో నంబరు నమోదు చేయగానే మీ చిరునామా ఇంకెవరికో వెళ్తుంది, వాళ్ళు మీకు పంపుతారు. మీరు పంపినవాళ్ళే తిరిగి మీకు పంపరు, ఇక్కడ చాలామంది కొత్తవాళ్ళు తికమకపడి, నాకు జవాబు రాలేదేంటని దిగులుపడతారు. మొదట్లో ఒకేసారి ఐదు కార్డుల దాకా పంపనిస్తారు, చేరేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. 60 రోజుల్లో చేరకపోతే దాని బదులు ఇంకోటి పంపే వీలు ఇస్తారు, ఆలస్యంగా చేరినా నమోదు చేసుకోవచ్చు. నంబరును కార్డు మీద రెండు చోట్ల రాయండి, ఎందుకంటే కొన్ని దేశాల్లో ఉత్తరాలు వేరుచేసే యంత్రాలు కార్డు కింది భాగంలో చారలు అచ్చేస్తాయి, సరిగ్గా వాటి కిందే నంబరుంటే చదవడం కష్టం. నాకు అలా నంబరు కనపడని కార్డులు రెండు వచ్చాయి, ముద్రలోని ఊరు, కింద పెట్టిన పేరు పట్టుకుని సైట్ నడిపేవాళ్ళను అడిగితే వెతికి పెట్టారు.

మీ చిరునామా తెలియనివాళ్ళ చేతికి వెళ్తుందని టెన్షన్ ఉంటే పోస్టాఫీసులో పోస్ట్ బాక్స్ తీసుకోవచ్చు.

ఏం రాయాలో తెలియక మొదటి పది కార్డుల్లో నేను నమస్కారం, శుభాకాంక్షలు అని మాత్రమే రాశాను. అవతలివాళ్ళు కూడా థాంక్యూ అని ఊరుకున్నారు. ఒకసారి కిటికీ పక్కన కూర్చుని, బయట ఏం కనిపిస్తోందో, ఏ చప్పుడు వినిపిస్తోందో అది రాశాను. అది జపాన్‌లో ఒక స్కూలు పిల్లకి చేరింది, తన కిటికీలోంచి ఏం కనపడుతుందో చెప్తూ నాకు పెద్ద మెసేజ్ పెట్టింది. అప్పటినుంచి అదే పద్ధతి. అవతలివాళ్ళు ప్రొఫైల్‌లో ఏమి ఇష్టమో రాసుకుంటారు, అది చదివి కార్డు ఎంచుకోండి. గుడ్లగూబలంటే ఇష్టమని రాసుకున్నవాళ్ళకు గుడ్లగూబ కార్డు దొరక్కపోయినా గుడ్లగూబ స్టాంపు అంటిస్తే ఎంత సంతోషిస్తారో. ఒకే పెద్ద విలువ స్టాంపుకు బదులు చిన్న విలువలవి నాలుగైదు కలిపి అంటించండి, మొత్తం సరిపోతే చాలు, అందుకునేవాళ్ళకు చూడటానికి ఎక్కువ ఉంటుంది.

ఎదురుచూడటం మాత్రం తప్పదు. వారంలో వచ్చినవీ ఉన్నాయి, మూడు నెలలు తిరిగినవీ ఉన్నాయి. 2020లో విమానాలు ఆగిపోయి చాలా దేశాల మధ్య తపాలా నిలిచిపోయినప్పుడు, మార్చిలో నేను బ్రెజిల్‌కు వేసిన కార్డు మరుసటి ఏడాది ఫిబ్రవరిలో చేరింది. నేను ఆశ వదిలేసుకున్నాను. అందుకున్నావిడ అంచులు నలిగిన ఆ కార్డు ఫోటో తీసి పంపితే, దాని మీద నా చేతిరాత చూసి కళ్ళు చెమర్చాయి.

స్టాంపులు చదవడం నేర్చుకుంటే కార్డు అందుకున్న ఆనందం రెట్టింపవుతుంది. స్టాంపు మీద దేశం పేరు చాలాసార్లు మనకు తెలిసిన పేరులా ఉండదు. ఫిన్లాండ్‌ది సువోమి, గ్రీస్‌ది హెల్లాస్, జపాన్‌ది నిప్పన్, హంగరీది మగ్యారొర్సాగ్, క్రొయేషియాది హ్ర్వాట్‌స్కా. నన్ను ఎక్కువగా తిప్పలుపెట్టింది హెల్వేషియా. అట్లాస్ అంతా వెతికినా ఆ దేశం దొరకలేదు, తీరా చూస్తే స్విట్జర్లాండ్! అక్కడ అధికార భాషలు నాలుగు, ఏ ఒక్క భాషలో పేరు వేసినా మిగతావాళ్ళను పక్కన పెట్టినట్టవుతుంది కాబట్టి లాటిన్ పేరు వేస్తారు. ఆలాండ్ అని కనిపిస్తే అది ఫిన్లాండ్‌లో భాగమే అయినా 1984 నుంచి సొంత స్టాంపులున్న దీవులు. ఇక అసలు దేశం పేరే లేకుండా రాజుగారి తలో రాణిగారి తలో మాత్రమే ఉంటే అది బ్రిటన్‌ది. ప్రపంచంలో మొట్టమొదటి అంటించే స్టాంపు, పెన్నీ బ్లాక్, 1840 మే 1న అక్కడే అమ్మకానికి వచ్చింది, ఇంకే దేశానికీ స్టాంపు లేనప్పుడు పేరు వేయాల్సిన అవసరం ఎవరికుంటుంది, ఆ పద్ధతి అలాగే నిలిచిపోయింది. కార్డు మీద పార్ అవియన్ అని నీలి చీటీ కనిపిస్తే అది ఫ్రెంచిలో విమానం ద్వారా అని. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో దేశాల మధ్య తపాలా ఒప్పందంతో పుట్టిన యూనివర్సల్ పోస్టల్ యూనియన్‌కు అధికార భాష ఫ్రెంచి. మనం మన దేశపు స్టాంపు ఒక్కటి అంటిస్తే అవతలి దేశం పోస్ట్‌మ్యాన్ మళ్ళీ పైసా అడగకుండా ఇంటి గుమ్మం దాకా తెచ్చిస్తున్నాడంటే ఆ ఒప్పందం వల్లే. అంతకుముందు దేశానికీ దేశానికీ వేర్వేరు ఒప్పందాలు, వేర్వేరు లెక్కలు ఉండేవి. నాకు ప్రతి కార్డు చేతికొచ్చినప్పుడూ ఇది ఎంత గొప్ప ఏర్పాటో అనిపిస్తుంది.

పాతవాటిలో ఇప్పుడు లేని దేశాలు కూడా తగులుతాయి. యుగోస్లావియా, చెకోస్లొవేకియా, సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ, వీటి కోసం నేనొక పెట్టె వేరుగా పెట్టుకున్నాను. పాత బొమ్మ కార్డు ఏ కాలానిదో తెలియకపోతే వెనక్కి తిప్పి చూడండి. మొదట్లో వెనకవైపు చిరునామా మాత్రమే రాయాలని నియమం, ఏదైనా చెప్పాలంటే బొమ్మ పక్కన ఖాళీలో ఇరికించి రాసేవాళ్ళు. మధ్యలో గీత గీసి ఒక పక్క ఉత్తరం, ఇంకో పక్క చిరునామా రాసుకోనిచ్చింది బ్రిటన్‌లో 1902లో, అమెరికాలో 1907లో. కాబట్టి గీత లేని అమెరికా కార్డు దొరికితే అది సాధారణంగా 1907కు ముందుదే. ఇంకా పాతకాలానికి వెళ్తే, 1869 అక్టోబర్ 1న ఆస్ట్రియా-హంగరీ విడుదల చేసిన మొదటి కార్డు మీద బొమ్మే లేదు.

విచిత్రమైన వాటి గురించి చెప్పడం మొదలుపెడితే ఆగను. భూటాన్ 1970ల మొదట్లో గ్రామఫోన్ మీద రికార్డులా వాయించగలిగే స్టాంపులు వేసింది. పసిఫిక్ సముద్రంలోని వనువాటు దీవుల్లో నీళ్ళ అడుగున పోస్టాఫీసుంది, తడిసినా పాడవని కార్డులు వేయాలి. గాలాపగోస్‌లోని ఫ్లోరియానా దీవిలో ఒక పీపా ఉంది, తిమింగలాలు వేటాడే ఓడలవాళ్ళ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. మీ కార్డును స్టాంపు లేకుండా అందులో వేసి, అక్కడున్నవాటిలో మీ ఊరి దగ్గరి చిరునామా ఉన్నది తీసుకుని, తిరిగి వెళ్ళాక చేతికి అందించాలి. అలా నడిచొచ్చిన కార్డు ఒక్కటైనా నా దగ్గర ఉండాలని ఎప్పటినుంచో ఆశ, ఇంకా రాలేదు.

దాచడం విషయంలో కూడా ఒక దెబ్బ తిన్నాను. మెత్తగా, వాసన వచ్చే చవక ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్ కొన్నాను, అది పీవీసీ. నాలుగేళ్ళ తర్వాత చూస్తే కార్డుల బొమ్మ వైపు ప్లాస్టిక్‌కు అతుక్కుపోయి, తీస్తుంటే రంగు లేచి వచ్చింది. పాలీప్రొపిలీన్ అని స్పష్టంగా రాసి ఉన్న జేబులు కొనండి, లేదా మంచి అట్టపెట్టెలో కార్డులను నిలబెట్టి పెట్టుకోండి. మరీ బిగించి పేర్చొద్దు. జిగురు, సెల్లో టేపు దగ్గరికి కూడా రానివ్వొద్దు. ఎండ తగిలే గోడ మీద అంటించుకోవాలనిపిస్తే అసలుది కాకుండా ప్రింట్ తీసి అంటించుకోండి, సిరా చాలా త్వరగా వెలిసిపోతుంది. తేమ ఉన్న గోడకు ఆనించిన బీరువాలో అయితే మధ్యమధ్య తీసి గాలి తగలనివ్వాలి. స్టాంపులకు స్టాక్‌బుక్ చాలు, అంటే జిగురు లేకుండా స్టాంపులు దోపుకునే పట్టీలున్న పుస్తకం.

ఎలా సర్దుకోవాలనేది మీ ఇష్టం, ఎక్కువమంది దేశాలవారీగా పెడతారు. నేను వచ్చిన తేదీల వరుసలో పెడతాను, ఒక నెల తీసి చూస్తే ఆ నెలలో నేనెలా ఉన్నానో కూడా గుర్తొస్తుంది. సంఖ్య పెంచుకోవడానికి వంద దేశాల స్టాంపుల ప్యాకెట్ అంటూ అమ్మేవి మాత్రం కొనొద్దని నా సలహా. వాటిలో చాలావరకు ఏ ఉత్తరానికీ అంటకుండానే, షీటు షీటుకే ముద్ర కొట్టి అమ్మేసినవి, వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంటుంది చూడండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఐదు కార్డులు, సరిపడా స్టాంపులు తెచ్చుకోవడం. చిరునామాను వాళ్ళు ఇచ్చింది ఇచ్చినట్టు రాసి, దేశం పేరు చివరి లైనులో ఆంగ్లంలో పెద్ద అక్షరాలతో వేయండి. సిరా పెన్ను వద్దు, నీళ్ళకు చెరగని బాల్ పెన్‌తో రాయండి. మీకు కార్డు అందిన రోజే రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి, ముఖ్యంగా రాత ఉన్న వైపు. ఫిన్లాండ్ కార్డుకు నేను ఫోటో తీసినా సరిపోయేది.