డేటా సెంటర్ పనిలో చేరబోతున్న మా అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

మీ అమ్మ ఫోన్ చేసింది. ఐటీఐ ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ చేతికొచ్చిందట, విశాఖలో డేటా సెంటర్లు వస్తున్నాయి, ఎలక్ట్రీషియన్లు దొరకట్లేదు, ఎవరో కాంట్రాక్టరు రమ్మంటున్నాడు వెళ్లిపోతాను అంటున్నావట. వెళ్లు, వద్దనను. కానీ అక్కడ నీ చేత ఏం పని చేయిస్తారో కనుక్కుని వెళ్లు. ఫోన్లో చెబితే సగం విని "సరే మామయ్యా" అనేస్తావు, అందుకే రాస్తున్నాను.

దొరకట్లేదన్న మాట అబద్ధం కాదు. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖకి ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు అని ప్రకటించింది, గిగావాట్ స్థాయి అంది. గిగావాట్ అంటే నీకు అర్థమయ్యేలా చెప్తాను, పరవాడలో సింహాద్రి ప్లాంటు కెపాసిటీ 2,000 మెగావాట్లు, అందులో సగం కరెంటు. అంత కరెంటూ సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి, ప్యానెల్‌కి, యూపీఎస్‌కి, లోహపు పట్టీలతో కరెంటు మోసే బస్‌డక్ట్‌కి, చివరికి సర్వర్ ర్యాక్‌కి వెళ్లాలి, దారిలో ప్రతి జాయింటూ ఎవరో ఒకడు చేత్తో చేయాల్సిందే. అమెరికాలో కూడా ఇదే గొడవ. మైక్రోసాఫ్ట్ ప్రెసిడెంట్ బ్రాడ్ స్మిత్ లాంటివాళ్లు సైతం ఎలక్ట్రీషియన్ల కొరత గురించి బాహాటంగానే మాట్లాడారు. అక్కడ అప్రెంటిస్‌షిప్పే నాలుగైదేళ్లు, పాతవాళ్లు రిటైర్ అవుతున్నారు, డబ్బుందని రాత్రికి రాత్రి మనుషుల్ని తయారు చేయలేరు కదా.

అయితే ఆ కొరత ఎవరికి? కేబుల్ లాగేవాళ్లకి కాదు. కేబుల్ పరిచే ట్రేలు బిగించేవాళ్లకీ కాదు. వాళ్లని ఏ మేస్త్రీ అయినా నాలుగు రోజుల్లో తెస్తాడు, పనైపోగానే పంపించేస్తాడు. దొరకనిది టెర్మినేషన్, అంటే కేబుల్ చివరను పరికరానికి కలిపే పని చేసేవాడు, టెస్టింగ్ చేసేవాడు, చేసింది కాగితం మీద పెట్టగలిగేవాడు. నువ్వు హెల్పర్‌గా చేరినా పర్వాలేదు, ఆరు నెలలు దాటినా ఇంకా కేబుల్ భుజాన వేసుకునే తిరుగుతున్నావంటే మాత్రం అక్కడి నుంచి బయటికొచ్చెయ్.

టెర్మినేషన్ అంటే కేబుల్ చివర లగ్గు అనే లోహపు తొడుగు వేసి బోల్టు బిగించడమే కదా అనుకుంటారు. 11 కేవీ కేబుల్ దగ్గర కూర్చో, తెలుస్తుంది. ఇన్సులేషన్ మీద నల్లటి సెమీకండక్టింగ్ పొర ఉంటుంది, దాన్ని తీసేటప్పుడు కత్తి కింద ఎక్స్‌ఎల్‌పీఈ, అంటే ఆ ప్లాస్టిక్ ఇన్సులేషన్ మీద సన్నటి గీత పడినా, ఆ పొర తాలూకు మసి కాస్త మిగిలినా, అప్పటికి ఏమీ కాదు, టెస్ట్ కూడా పాసైపోవచ్చు, తర్వాత ఎప్పుడో ఫుల్ లోడ్‌లో ఉన్నప్పుడు అక్కడే పేలుతుంది. ఎల్టీ, అంటే తక్కువ వోల్టేజీ వైపు కూడా అంతే. లగ్గుకి సరైన డై పెట్టి క్రింపింగ్ చేయాలి, అల్యూమినియం కేబుల్ రాగి బస్‌బార్ మీదకి వెళ్తుంటే రెండు లోహాలూ కలిసిన బైమెటాలిక్ లగ్గు వాడాలి, బోల్టు స్పానర్‌తో బలం కొద్దీ కాకుండా టార్క్ రెంచ్‌తో డ్రాయింగ్‌లో చెప్పినంతే బిగించి పెయింట్‌తో గీత పెట్టాలి. ఎక్కువ బిగించినా తప్పే. ఈ పనికి ఓపిక కావాలి, మన కుర్రాళ్లలో నాకు తక్కువగా కనిపించేది అదే, ఏమనుకోకు.

తర్వాత టెస్టింగ్. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పట్టుకోగానే మీట నొక్కెయ్యకు. 1,000 వోల్టులు వదిలే ముందు ప్యానెల్‌లో సర్జ్ అరెస్టర్లు, ఎలక్ట్రానిక్ కార్డులు విడదీశావా చూడు, లేకపోతే లక్షల సామాను బూడిద. చేశాక కేబుల్‌ని డిశ్చార్జ్ చెయ్యి, ఆ తర్వాతే ముట్టుకో. సీటీ, అంటే కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్, దాని సెకండరీని కరెంటు పారుతుండగా ఓపెన్ చేయకూడదని పుస్తకంలో చదివే ఉంటావు, సైట్‌లో మర్చిపోయేవాళ్లని చూశాను.

అన్నిటికన్నా పైన కమిషనింగ్, అంటే అప్పగించే ముందు అంతా నడిపి చూడటం. డేటా సెంటర్లలో దీన్ని లెవెల్స్‌గా చేస్తారు, ఫ్యాక్టరీలో టెస్టుతో మొదలై అయిదో లెవెల్‌లో మొత్తం కలిపి పరీక్ష. సర్వర్లు ఇంకా రాకముందే లోడ్ బ్యాంకులు, అంటే పెద్ద హీటర్లు పెట్టి, కావాలనే మెయిన్ సప్లై తీసేస్తారు. జనరేటర్లు లేచి లోడ్ అందుకునేదాకా బ్యాటరీలు మోయాలి, కూలింగ్ కూడా తట్టుకోవాలి. ఆ రోజుల్లో ఏ బ్రేకర్ ఎందుకు ట్రిప్ అయిందో చెప్పగలిగినవాడి వెనకే అందరూ తిరుగుతారు, సైట్ మారినా వాణ్ని వెంట తీసుకెళ్తారు. హైదరాబాద్ సైట్లలో నేను కళ్లారా చూసింది ఇది. కట్టడం అయిపోయాక వందల మందిని పంపేసి కొద్దిమందినే మెయింటెనెన్స్‌కి ఉంచుకుంటారు, ఆ కొద్దిమందిలో ఉండాలన్నా దారి ఇదే.

ఒక్క విషయంలో మాత్రం నా మాట దాటకూడదు. మామూలు బిల్డింగులో మెయిన్ ఆపితే కరెంటు పోయిందనుకోవచ్చు, ఇక్కడ అలా కాదు. A వైపు, B వైపు అని కరెంటుకి రెండు దార్లు, యూపీఎస్, బ్యాటరీ, జనరేటర్, ఎటు నుంచైనా కరెంటు వస్తుంది. ఆ పనికి రాతపూర్వక పర్మిట్ లేకుండా, బ్రేకర్‌కి నీ తాళం నువ్వు వేసుకోకుండా, టెస్టర్‌ని లైవ్, అంటే కరెంటున్న చోట ఒకసారి చూసి, నీ పాయింట్ మీద చూసి, మళ్లీ లైవ్ మీద చూసుకోకుండా చెయ్యి పెట్టకు. "హ్యాండోవర్ రేపే, లైవ్‌లోనే చేసేద్దాం" అనేవాడు ప్రతి సైట్‌లోనూ ఒకడుంటాడు. నేను చేయనని చెప్పి పక్కకి వచ్చెయ్, ఉద్యోగం పోతే ఇంకోటి నేను చూస్తాను.

కాగితాల సంగతి త్వరగా చెప్తాను. ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు నుంచి వైర్‌మన్ పర్మిట్ తీసుకో, అనుభవం వచ్చాక సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌కి వెళ్లు. ఈలోగా కరెంటు దారిని ఒకే గీతతో చూపించే సింగిల్ లైన్ డ్రాయింగ్ చదవడం నేర్చుకో, ఇంగ్లిష్ బాగా రాకపోయినా అది చదవొచ్చు. పీఎఫ్, ఈఎస్‌ఐ నీ పేరు మీద కడుతున్నారా, ఓవర్‌టైమ్‌కి డబుల్ ఇస్తారా అడుగు. మనుషులు లేరని ఏడ్చే కంపెనీలే సబ్ కాంట్రాక్టరు ద్వారా తీసుకుని పాత కూలి రేటు ఇస్తుంటాయి, నాకు ఆ ఏడుపు మీద పెద్ద జాలి లేదు. గల్ఫ్‌లోనూ ఈ పనుందని ఏజెంట్లు లక్షలు అడుగుతారు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ, అంతే. రెండేళ్లు ఇక్కడ చెయ్యి తిరిగాక ఆలోచిద్దాం.

ఆ కాంట్రాక్టరుని రెండు విషయాలు అడుగు, టెర్మినేషన్ టీమ్ తనదేనా, అందులోకి నన్ను ఎప్పుడు వేస్తారు అని. ఏమన్నాడో చెప్పు. ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టకముందే ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

మీ మామయ్య