పిచర్‌ను ఎక్కడ నిలబెట్టాలి?

ప్రశ్న: పంతొమ్మిదో శతాబ్దం చివరినాటి అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌ను మా స్కూల్ పిల్లలతో ఆడించి చూపాలనుకుంటున్నాం. బంతి విసిరే పిచర్‌కూ, బ్యాటర్ నిలబడే హోమ్‌కూ మధ్య దూరం ఒకచోట 50 అడుగులని, ఇంకోచోట 60 అడుగుల 6 అంగుళాలని ఉంది. ఏది సరైనది?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: రెండూ సరైనవే సార్, ఏడాదులే వేరు. 1876లో అక్కడి ప్రొఫెషనల్ జట్ల పోటీ నేషనల్ లీగ్ మొదలైనప్పుడు 45 అడుగులు. 1881లో 50 చేశారు, 1893లో 60 అడుగుల 6 అంగుళాలు. ఈ చివరిసారి పదిన్నర అడుగులు జరిపారని చాలామంది అనుకుంటారు. కానీ 50 అడుగులన్నది పిచర్ నిలబడే గడి (నేల మీద గీసిన పెట్టె) ముందు గీతకు కొలిచిన దూరం. గడి పొడవు ఐదున్నర అడుగులు, 1887 నుంచి వెనక కాలు వెనక గీత మీదే ఉండాలి. అంటే అప్పటికే 55 అడుగుల 6 అంగుళాలు. 1893లో గడి తీసేసి, రబ్బరు పలక పాతి, దాని నుంచి కొలిచారు. నిజంగా పెరిగింది ఐదడుగులే. ఆ ఐదడుగులకే బ్యాటర్లు రెచ్చిపోయారు. లీగ్ బ్యాటింగ్ సగటు (బ్యాటింగ్ అవకాశాల్లో హిట్ల వంతు) 1892లో .245 ఉంటే 1894లో .309కి ఎక్కింది.

మీరు 1887 రూల్స్ పెట్టుకోండి, చూసేవాళ్లకు ఆసక్తిగా ఉంటుంది. నాలుగు స్ట్రైకులకు (కొట్టగలిగే బంతిని వదిలేసినా, కొట్టబోయి తప్పినా స్ట్రైకే) ఔటు ఆ ఒక్క ఏడాదే ఉంది. ఐదు బాల్స్ (కొట్టడానికి అందని బంతులు) పడితే బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు, అంటే పరుగులో మొదటి మజిలీకి, వెళ్తాడు. బంతి ఎత్తుగా వేయమనో, కిందికి వేయమనో బ్యాటర్ అడిగే పద్ధతి ఆ ఏడాదే పోయింది. ఫౌల్ కొడితే (బంతి పక్క గీతల బయటికి పోతే) స్ట్రైక్ కాదు. ఇప్పటి ఆట టీవీలో చూసిన పిల్లలు ఇక్కడే తికమకపడతారు, ముందే చెప్పండి.

గ్రౌండ్ అంటే హోమ్, ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌లు మూలలుగా ఉన్న చతురస్రం. అది గీయడానికి 50 మీటర్ల టేపు కావాలి, 30 మీటర్లది చాలదు. హోమ్ నుంచి సెకండ్ బేస్‌కు 38.79 మీటర్లు కొలిచి రెండుచోట్లా మేకులు కొట్టండి. 180 అడుగుల తాడు రెండు కొసలు వాటికి కట్టి, సరిగ్గా నడుమ పట్టుకుని కుడికి బిగించి లాగితే ఫస్ట్, ఎడమకు లాగితే థర్డ్. సాగే తాడైతే చతురస్రం వంకరపోతుంది. గీతలకు సున్నం వద్దు, బేస్ మీదికి జారిపడే పిల్లల కళ్లలో పడుతుంది. ముగ్గుపిండి చాలు.

బంతి బరువు 142–149 గ్రాములు, చుట్టుకొలత 23 సెంటీమీటర్లు. నడుమ 28 గ్రాములు మించని రబ్బరు ఉండ, దాని మీద ఉన్ని దారం, పైన తోలు. గొంగళ్లు నేసే కురుమల దగ్గర దారం అడగండి. ప్రతి పది చుట్లకూ బంతిని తిప్పుతూ బిగించి చుట్టాలి. ఒకే దిక్కున చుడితే గుడ్డు ఆకారం వస్తుంది, వదులుగా చుడితే రెండు దెబ్బలకే చదునైపోతుంది.

ప్రశ్న: గ్లోవ్స్ లేకుండా ఎలా పట్టేవారు?
– ఇంటర్ విద్యార్థిని, జమ్మికుంట

జవాబు: రెండు చేతులతో, బంతి వచ్చే వేగానికి చేతులను వెనక్కి లాక్కుంటూ. వేళ్లు బంతికి ఎదురుగా చాచితే విరుగుతాయమ్మా, బ్యాటర్ వెనక నిలబడి బంతి పట్టే అప్పటి క్యాచర్ల వేళ్లు అలాగే వంకరపోయేవి. 1880లలో గ్లోవ్స్ మామూలైపోయినా, సిన్సినాటి జట్టులో సెకండ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే బిడ్ మెక్‌ఫీ 1896 దాకా ఉత్త చేతులతోనే ఆడాడు.