మీరడిగారు: ట్యాంకు అంటే చెరువా, తొట్టా?

ఈసారి వచ్చిన వాటిల్లో నాలుగు ప్రశ్నలు ఒకే మాట చుట్టూ తిరిగినయి, అందుకని నాలుగూ ఒకే చోట వేస్తున్నాం.

ప్రశ్న: మాది కావలి పక్కన పల్లె సార్. బ్యాంకు లోను కోసం లాయరు ఇంగ్లీషులో టైపు చేయించిన కాయితంలో మా పొలానికి తూర్పు హద్దు 'ట్యాంక్ పోరంబోకు' అని ఉంది. మా పొలం పక్కన వాటర్ ట్యాంకు ఎప్పుడూ లేదు, ఉండేది చెరువు. తప్పు రాశాడా, దిద్దించాలా?

జవాబు: దిద్దించబాకండి అన్నా, లాయరు కరెక్టుగానే రాశాడు. మనదంతా పాత మద్రాసు రాష్ట్రం గదా, ఆ రోజుల నించీ రెవెన్యూ ఇంగ్లీషులో ట్యాంక్ అంటే చెరువే. కట్ట, తూము, కలుజు (అలుగు), కింద ఆయకట్టు ఉంటే అది ట్యాంకు కిందే లెక్క. నెల్లూరు చెరువు, అదే రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా కాడ జనం నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకునే స్వర్ణాల చెరువు, ఇంగ్లీషులో నెల్లూరు ట్యాంక్. గుండ్లకమ్మకి అడ్డంగా విజయనగరం రాజుల కాలంలో కట్టిన కంభం చెరువు కంభం ట్యాంక్, 2020లో దానికి వారసత్వ నీటిపారుదల కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చినప్పుడు కూడా ఆ పేరే రాశారు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. మీ ఊళ్ళో స్తంభాల మీద నిలబడే నీళ్ళ ట్యాంకుని గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ఎస్టిమేట్లలో చూడండి, ఓవర్‌హెడ్ సర్వీస్ రిజర్వాయర్ అని ఉంటది, పొట్టిగా ఓహెచ్ఎస్ఆర్. అంటే మనం ట్యాంకు అనేదాన్ని ఆఫీసోళ్ళు రిజర్వాయరు అంటారు, మనం చెరువు అనేదాన్ని ట్యాంకు అంటారు, ఇంక రైతుకి కాయితం అర్థం కావాలంటే ఎట్టా అవుద్ది!

పేపర్లో తరచుగా వచ్చే ఎఫ్‌టీఎల్ కూడా ఇదే, ఫుల్ ట్యాంక్ లెవెల్. బండికి ఫుల్ ట్యాంక్ కొట్టించటం కాదు, కలుజు మీద నీళ్ళు పొర్లబోయే ముందు చెరువు నిండా నిలిచే మట్టం. ఆ మట్టం లోపల నేల ఎండాకాలంలో ఎంత ఎండిపోయి దున్నుకోటానికి వాటంగా కనపడినా అది చెరువే, రికార్డులో పోరంబోకని ఉంటే సర్కారుది. మీకు హద్దు దాకా ఉంది గనక సంతకాలు పెట్టే ముందే సర్వేయర్ని పిలిపించి ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) ప్రకారం రాళ్ళు ఎక్కడున్నయ్యో ఒకసారి చూపించుకోండి, చెరువు లోపలికి గెట్టు జరుపుకోని ఉన్న పొలాలు మన పక్క తక్కువేం లేవు.

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. పాండ్, ట్యాంక్, లేక్, రిజర్వాయర్ నాలుగూ ఒకటేనా, తేడా రాయమన్నారంట. నాకూ తెలియలేదు. — ఒక అమ్మ, ఆత్మకూరు

జవాబు: డిక్షనరీలో పర్యాయపదాలని పక్కపక్కన పెడతారు గానీ ఒకదాని బదులు ఇంకోటి వాడితే అన్ని చోట్లా కుదరదమ్మా. లేక్ అంటే మామూలుగా దానంతట అది ఏర్పడింది, పెద్దది, మన పులికాట్ లాంటిది. రిజర్వాయర్ అంటే నదికి అడ్డంగా డ్యామ్ కట్టో, కాలవ నీళ్ళు తెచ్చి నింపో నిలవ చేసేది. మీకు దగ్గర్లోనే పెన్న మీద సోమశిల ఉంది, తెలుగుగంగ నీళ్ళు నిలిపే కండలేరు ఉంది. (కనిగిరి రిజర్వాయరు మాత్రం కనిగిరి ఊళ్ళో ఉందని రాయనీబాకండి, అది ఉండేది బుచ్చిరెడ్డిపాళెం పక్క.) ట్యాంక్ వానకీ వాగుకీ నిండే మన ఊరి చెరువు. పాండ్ చిన్నది, గుంట అనుకోండి, రొయ్యల గుంటల్ని కూడా ఇంగ్లీషులో పాండ్ అనే అంటారు, అదే రొయ్యల హ్యాచరీకి పోయి చూస్తే పిల్లల్ని పెంచే సిమెంటు తొట్లు ట్యాంకులు. గుళ్ళో కోనేరుకైతే టెంపుల్ ట్యాంక్.

ఈ లెక్కలు కూడా గట్టివేం కావు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ మనుషులు కట్టిన చెరువు, జనం దాన్ని లేక్ అంటారు, కట్టని మాత్రం ట్యాంక్ బండ్ అంటారు. ఒంగోలు వాళ్ళు ఎస్ఎస్ ట్యాంకులు అంటారు చూడండి, అది సమ్మర్ స్టోరేజ్ ట్యాంక్, నాగార్జున సాగర్ కాలవ నీళ్ళు వదిలినప్పుడు పట్టి దాచుకునేది, పనిని బట్టి చూస్తే అది రిజర్వాయరే.

మన మాటలు కొన్నిటికి ఇంగ్లీషు అసలు కుదరదు. సముద్రం ఒడ్డు ఊళ్ళలో దొరువు ఉంటది గదా, ఇసక నేలలో తవ్వుకునే గుంట, కాస్త లోతులోనే తియ్యటి నీళ్ళు ఊరతయి, ఆశపడి ఇంకా లోతుకి పోతే ఉప్పునీళ్ళు తగులుతయి. దాన్ని పాండ్ అనలేం, ట్యాంక్ అసలే అనలేం, వెల్ అంటే బావి అనుకుంటారు. పాపని దొరువు అనే రాసి పక్కన ఒక వాక్యంలో వివరం రాయమనండి. ఆయకట్టు మాట ఇంగ్లీషు రిపోర్టుల్లోకి అట్నే పోయింది, దొరువుకి ఏం తక్కువ?

ప్రశ్న: నీళ్ళ ట్యాంకుకీ యుద్ధంలో వాడే ట్యాంకుకీ ఏంది సంబంధం? — రిటైర్డ్ ఉద్యోగి, ఒంగోలు

జవాబు: సంబంధం అబద్ధంలో ఉంది సార్. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ వాళ్ళు ఈ బండిని రహస్యంగా తయారు చేస్తా ఉన్నారు, అసలు పేరు ల్యాండ్‌షిప్, అంటే నేల మీద నడిచే ఓడ. ఆ పేరు బయటికి పొక్కితే జర్మన్లకి కథ మొత్తం అర్థమైపోద్ది. లింకన్ ఊరి ఫ్యాక్టరీలో ఇంత పెద్ద ఇనప పెట్టెలు చేస్తుంటే చూసినోళ్ళు అడక్కుండా ఉంటారా, అందుకని నీళ్ళు మోసే తొట్లు అని చెప్పేట్టు ఒక పేరు వెతికారు. కంటైనర్, సిస్టర్న్, రిజర్వాయర్ లాంటివి కూడా అనుకుని, పొట్టిగా ఉందని ట్యాంక్ ఖాయం చేశారు. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో అవి మొదటిసారి దిగినయి. రహస్యం తీరిపోయినా పేరు మారలేదు.

అసలు ట్యాంక్ మాటే ఇంగ్లీషోళ్ళకి మన దేశంలో దొరికింది. గుజరాతీ, మరాఠీల్లో నీళ్ళు నిలవ చేసేదానికి టాంకీ, టాంకే అని ఉండేది, పోర్చుగీసు వాళ్ళకి కూడా అట్టాంటి మాటే ఇంకోటి ఉండేది, రెండూ కలిసి ఇంగ్లీషులోకి పోయినయని పండితులు అంటారు. కాబట్టి చెరువు అనే అర్థం పాతది, ఇనప తొట్టి తర్వాత వచ్చింది, ఫిరంగి బండి మొన్నటిది.

ప్రశ్న: సినిమా ట్యాంక్ అయింది అంటారు, థింక్ ట్యాంక్, ట్యాంక్ టాప్ అంటారు, ఇయ్యన్నీ ఏంటి? — ఇంజినీరింగ్ విద్యార్థి, నెల్లూరు

జవాబు: ట్యాంక్ క్రియగా వాడితే ఢమాల్ అని పడిపోవటం, సినిమాకీ షేర్లకీ చెల్లుద్ది. ట్యాంక్ అప్ అంటే పెట్రోలు నింపుకోవటం, మనిషి ట్యాంక్డ్ అప్ అంటే పెట్రోలు కాదు, మందు నింపుకున్నాడని, ఇంటర్వ్యూలో మాత్రం వాడబాకు. థింక్ ట్యాంక్ పాలసీల గురించి ఆలోచించి సలహాలిచ్చే మేధావుల సంస్థ, నీతి ఆయోగ్‌ని అట్టనే అంటారు. ట్యాంక్ టాప్ మాట స్విమ్మింగ్ పూల్ నించి వచ్చింది, అప్పట్లో అమెరికాలో పూల్‌ని ట్యాంక్ అనేవాళ్ళు, అందులో వేసుకునే డ్రెస్సు ట్యాంక్ సూట్, దాని పైభాగం లాంటి చేతుల్లేని బనీను ట్యాంక్ టాప్. బ్రిటన్‌లో అదే మాటంటే చొక్కా మీద వేసుకునే చేతుల్లేని స్వెటరు, ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బొమ్మ చూసి కొనుక్కో. గేముల్లో ట్యాంక్ అంటే దెబ్బలన్నీ ముందుండి కాసేవాడు, అది నాకన్నా నీకే బాగా తెలిసుంటది.